కొట్టం కట్టేది ఈరోజు ధరకా, ఇరవై ఏళ్ళకా?

పశువులకు కొట్టం వేయాలన్నా, ధాన్యం దాచే షెడ్డు కట్టాలన్నా, ఇంటి ముందు వసారా దించాలన్నా రైతు దుకాణంలో అడిగే మొదటి మాట "రేకు ఎంత?" అని. దుకాణదారు అడుగుల లెక్కన ధర చెబుతాడు. ప్రభుత్వ పథకమైతే ఇంజనీరు చదరపు మీటర్ల లెక్కన అంచనా వేస్తాడు. ఆ రేకు ఎన్నేళ్ళు నిలుస్తుంది, నిలిచినన్నాళ్ళూ దాని మీద మళ్ళీ ఎంత పెట్టాలి అన్న లెక్క ఈ రెండు కాగితాల్లోనూ ఉండదు. ఆ ఖర్చు మాత్రం తప్పదు. ప్రతి వానాకాలం ముందు నాలుగు రేకులు, రెండు పైపులు, ఇద్దరు కూలీలు, ఒక ట్రాక్టరు కిరాయి రూపంలో అది వచ్చి పడుతుంది. అప్పటికి చేతిలో డబ్బుండదు కాబట్టి వడ్డీకి తేవాలి.

ఇది ఇంటి ముచ్చట, సంఘం పత్రికలో దీనికేం పని అనుకోవద్దు. వ్యవసాయ ఖర్చులు, ధరల కమిషన్ సాగు ఖర్చు కట్టే పద్ధతిలోనే పనిముట్లు, వ్యవసాయ భవనాల తరుగుదల అనే పద్దు ఉంది. అంటే కొట్టం అరిగిపోవడం కూడా సాగు ఖర్చేనని ప్రభుత్వం ఒప్పుకున్నట్టే. గిట్టుబాటు ధర కోసం పోరాడే మనం, ఖర్చు ఎక్కడెక్కడ కారిపోతోందో కూడా చూసుకోవాలి. పాడి మీద బతికే చిన్న రైతుకు కొట్టం పడిపోవడమంటే ఆ పూట పాలు తగ్గడం, ఆ నెల పాలబిల్లు తగ్గడం.

ముందుగా ఒకమాట. పాతకాలపు తాటాకు పాకే మేలు, మళ్ళీ దానికే పోదామని మేము చెప్పడం లేదు. చల్లదనంలో దానికి సాటి లేదు, నిజమే. కానీ రెండు మూడేళ్ళకోసారి తిరగ నేయాలి. నేసే చేతులు తగ్గిపోయాయి. తాటిచెట్లు కూడా తగ్గాయి. వరిగడ్డి కప్పుదామంటే కోత మిషను గడ్డిని ముక్కలు చేసి పారేస్తోంది, కప్పుకు పనికొచ్చే పొడుగు గడ్డి కావాలంటే కూలీలతో కోయించాలి. అన్నిటికంటే ముఖ్యం నిప్పు. ఎండాకాలంలో ఒక నిప్పురవ్వ పడితే గేదెలు కట్టుగొయ్య దగ్గరే కాలిపోయే ప్రమాదాలు మనకు కొత్త కాదు. అందుకే రైతు రేకుకు మారాడు. మారడం తప్పు కాదు. ఏ రేకు కొంటున్నాడో అతనికి ఎవరూ చెప్పకపోవడం తప్పు.

ఇనుప రేకు సంగతి చూద్దాం. మనం గేజి అడుగుతాం, కంపెనీ పేరు అడుగుతాం, రంగు అడుగుతాం. అడగాల్సింది జింకు పూత ఎంత అని. ఇనుము తుప్పు పట్టకుండా కాపాడేది ఆ పూతే. భారతీయ ప్రమాణం ఐఎస్ 277 ప్రకారం ఈ పూతను చదరపు మీటరుకు ఇన్ని గ్రాములని కొలుస్తారు, రెండు వైపులా కలిపి. 120 గ్రాముల రేకు ఉంటుంది, 275 గ్రాముల రేకూ ఉంటుంది. పక్కపక్కన పెడితే కంటికి తేడా తెలియదు. 120 గ్రాములంటే ఒక్కో వైపు పూత మందం ఎనిమిది మైక్రాన్ల పైచిలుకు. 275 అయితే పంతొమ్మిది. సముద్రపు ఉప్పుగాలి తగిలే చోట జింకు ఏడాదికి సుమారు రెండు నుంచి నాలుగు మైక్రాన్లు తినుకుపోతుంది. లెక్క ఎవరైనా కట్టవచ్చు. బాపట్ల, అంతర్వేది, భీమిలి, కళింగపట్నం వంటి తీరాల్లో మొదటి రకం పూత రెండు నుంచి నాలుగేళ్ళలో పోతుంది, రెండో రకం అయిదు నుంచి తొమ్మిదేళ్ళు ఆగుతుంది. ఆ తరువాత ఎర్ర తుప్పు, ఆపైన చిల్లులు. అదే రేకు తాండూరులోనో, కల్యాణదుర్గంలోనో వేస్తే పొడిగాలిలో జింకు ఏడాదికి ఒక మైక్రాను కూడా పోదు. అక్కడ తక్కువ పూత రేకు కూడా పదేళ్ళు దాటుతుంది. కాబట్టి పక్క జిల్లా చుట్టం ఏ రేకు వేశాడో చూసి కొనడం కన్నా మన ఊరి గాలి ఏమిటో చూసి కొనడం మంచిది.

రంగు రేకులకు ఆ పూత మీద పెయింటు పొర అదనం. మంచిదే. కానీ లోపల పూత పలచగా ఉంటే పైరంగు గీసుకుపోయిన చోటల్లా తుప్పు మొదలవుతుంది. కోసిన అంచు దగ్గర, మేకు రంధ్రం దగ్గర ముందుగా కనపడేది అందుకే.

మందం విషయంలో మోసం ఇంకా సులువు. చేతితో నొక్కి చూస్తే 0.35 మిల్లీమీటర్లకూ 0.50 మిల్లీమీటర్లకూ తేడా చెప్పడం కష్టం. తూకం అబద్ధమాడదు. ముడతలు పెట్టకముందు నాలుగడుగుల వెడల్పున్న రేకు పదడుగుల పొడవుకు, అసలు 0.50 మందమైతే పద్నాలుగున్నర కిలోలు తూగాలి. 0.35 అయితే పది కిలోల పైచిలుకే తూగుతుంది. ధాన్యం అమ్మేటప్పుడు తరుగు పేరుతో బస్తాకు ఎంత పోతోందో గ్రాములతో సహా చెప్పగలిగే మనం, కొనేటప్పుడు మాత్రం కాటా అడగం. అడగాలి. బిల్లు మీద మందం, జింకు పూత గ్రాములు రాయించుకోవాలి. రాయనంటే ఇంకో దుకాణం చూసుకోవచ్చు.

పశువుల కొట్టానికి ఇంకో చిక్కుంది. గిడ్డంగి రేకుకు శత్రువు పైనుంచి వచ్చే వాన. కొట్టం రేకుకు శత్రువు కింద ఉంది. మూత్రం నుంచి, పేడ నుంచి లేచే అమ్మోనియా, దానికి తోడు పశువుల ఊపిరి చెమ్మ, రాత్రంతా రేకు అడుగున పేరుకుంటాయి. ఈ మధ్య ఎక్కువగా అమ్ముతున్న అల్యూమినియం-జింకు పూత రేకులు, అంటే గాల్వాల్యూమ్ రకం, ఇంటికీ గిడ్డంగికీ బాగానే పనిచేస్తాయి. పశువులను కట్టే చోటికి అవి తగవు. అల్యూమినియాన్ని అమ్మోనియా తినేస్తుంది. తయారీదారుల వారంటీలు సాధారణంగా పశువుల షెడ్లకు వర్తించవు. ఆ ముక్క చిన్న అక్షరాల్లో ఉంటుంది. అమ్మేవాడు చెప్పడు. కొట్టానికి దట్టమైన జింకు పూత, లోపలివైపు కూడా పెయింటు ఉన్న రేకు తీసుకుని, ఎత్తు పెంచి, కొప్పు దగ్గర గాలి పోయే సందు వదలాలి. గాలి ఆడితే రేకూ బతుకుతుంది, గేదే బతుకుతుంది.

స్తంభాల సంగతీ అంతే. ఇనుప పైపును నేలలోకి దించి చుట్టూ కాంక్రీటు పోస్తే, నేల మట్టం దగ్గర మూత్రం నిలిచి పైపు అక్కడే కొరుక్కుపోతుంది. పైనంతా కొత్తగా ఉంటుంది, కింద వేలు పెడితే దిగబడుతుంది. అడుగున్నర ఎత్తు కాంక్రీటు దిమ్మె కట్టి దానిమీద పైపు నిలబెడితే ఈ బాధ లేదు. దిమ్మెకయ్యే సిమెంటు ఒకటి రెండు బస్తాలు. అన్ని ఖర్చుల్లోకీ తక్కువ ఖర్చుతో ఎక్కువ ఏళ్ళు తెచ్చేది ఇదేనని మా అభిప్రాయం.

ఇక సిమెంటు రేకులు. చౌక, తుప్పు పట్టవు, రంగు అక్కర్లేదు, ఉప్పుగాలికి జంకవు. నిర్వహణ ఖర్చు లేనిదేదని అడిగితే తాపీమేస్త్రీ మొదట చెప్పేది వీటినే. ఊళ్ళలో ఆ పేరుతో వాడుకలో ఉన్నవాటిలో ఎక్కువ ఆస్‌బెస్టాస్ రేకులే. ఆస్‌బెస్టాస్ అన్ని రకాలూ, మన రేకుల్లో వాడే తెల్ల రకంతో సహా, మనుషులకు కాన్సరు కలిగిస్తాయని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన అంతర్జాతీయ కాన్సరు పరిశోధన సంస్థ మొదటి వర్గంలో చేర్చింది. ఐరోపా సమాఖ్య 2005 నాటికి దాన్ని పూర్తిగా నిషేధించింది. అమెరికా 2024 మార్చిలో తెల్ల ఆస్‌బెస్టాస్‌పై నిషేధం ప్రకటించింది. ఒకప్పుడు కడప జిల్లా పులివెందుల ప్రాంతంలో దీన్ని తవ్వేవారు. ఇప్పుడు మనకు కావలసిన ఖనిజం రష్యా వంటి దేశాల నుంచి దిగుమతవుతోంది. ఆస్‌బెస్టాస్ కార్మికుల ఆరోగ్యం వారి జీవించే హక్కులో భాగమని 1995లోనే సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. కార్మికుడికి హాని చేసే పదార్థం రైతు ఇంటికప్పు మీదకెక్కితే అమృతమైపోదు.

కప్పు మీద కదలకుండా ఉన్న రేకు వెంటనే ప్రాణం తీస్తుందని భయపెట్టడం మా ఉద్దేశం కాదు. దుమ్ములో ఉంది ముప్పు. మిషనుతో పొడిగా కోసినప్పుడు, రంధ్రం చేసినప్పుడు, గాలివానకు పగిలినప్పుడు, పాత రేకు ముక్కలను బాటలో గుంటలు పూడ్చడానికి పోసి దానిమీద ట్రాక్టరు తోలినప్పుడు లేచే దుమ్ములో కంటికి కనపడని నూగు ఊపిరితిత్తుల్లోకి పోతుంది. జబ్బు బయటపడేది ఇరవై, ముప్పై, నలభై ఏళ్ళకు. అప్పటికి రేకు ఎవరు కోశారో, ఎక్కడ కోశారో ఎవరికీ గుర్తుండదు. కోసే మేస్త్రీ ముక్కుకు తుండుగుడ్డ చుట్టుకుంటాడు, అది ఆపదు. ఇప్పటికే ఉన్న రేకులను అనవసరంగా కదపకండి. తీయాల్సి వస్తే తడిపి, పగలగొట్టకుండా దించండి, ముక్కలను పిల్లలు, కోళ్ళు తిరిగే చోట వేయకండి. కొత్తగా కట్టేవారికి ఆస్‌బెస్టాస్ లేని నార కలిపిన సిమెంటు రేకులు మార్కెట్లో ఉన్నాయి. ధర ఎక్కువ. ఆ ఎక్కువ ధరను రైతు ఒక్కడే ఎందుకు మోయాలన్నది మా ప్రశ్న, దాని దగ్గరకు వస్తాం.

రేకు తప్ప గతిలేదా అంటే, ఉంది. ప్రాంతాన్ని బట్టి ఉంది. తాండూరు, బేతంచెర్ల చుట్టుపక్కల రైతుకు నాపరాయి చేతికందే దూరంలో ఉంది. నల్గొండ, మహబూబ్‌నగర్, అనంతపురం వైపు రాతి కడీలు పొలం గట్లమీదే కనపడతాయి. ద్రాక్ష పందిళ్ళను ఏళ్ళ తరబడి మోసిన కడీలు కొట్టం కప్పును మోయలేవా? రాతికి చెద పట్టదు, తుప్పు పట్టదు, మూత్రం తినదు. రాయలసీమలో దూలాల మీద బండలు పరిచి, పైన చవుడు మట్టి తొక్కించిన మిద్దెలు తరాలు నిలిచాయి. ఏటా వానలకు ముందు పైన కొత్త మట్టి వేసుకోవడం ఒక్కటే వాటికి చాకిరీ. నేలకు బండలు పరిచేటప్పుడు మాత్రం నునుపు మొహం కిందికి, గరుకు మొహం పైకి పెట్టాలి. నున్నటి బండ మీద చూడిగేదె జారిపడితే ఆ నష్టం ముందు ఏ ఆదా నిలవదు.

అయితే రాయి బరువు. క్వారీ నుంచి దూరం పెరిగేకొద్దీ లారీ కిరాయి రాతి ధరను మించిపోతుంది. కృష్ణా డెల్టాలో తాండూరు బండతో కొట్టం కట్టమనడం అర్థం లేని మాట. అక్కడి నల్లరేగడి ఎండకు బీటలు వారి వానకు ఉబ్బుతుంది, బరువైన గోడలకు పునాది ఖర్చు పెరుగుతుంది. అక్కడ తేలికపాటి కప్పే మేలు. ఉత్తరాంధ్ర తీరాన సరుగుడు, జీడిమామిడి తోటల మధ్య ఉండేవారికి గాలి ముఖ్యం. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ ఆ ప్రాంతానికి చెప్పిన పాఠం ఏమిటంటే, రేకు పోకముందే మేకు పోతుంది. గాలి రేకును కిందికి నొక్కదు, పైకి పీకుతుంది. అంచుల్లో, మూలల్లో, కొప్పు దగ్గర ఆ పీకుడు ఎక్కువ. లోపలి భాగంలో ఎంత దూరానికో స్క్రూ వేస్తే ఈ చోట్ల అందులో సగం దూరానికే వేయాలి. స్క్రూ కూడా రేకుకు తగ్గ పూతది కావాలి. 275 గ్రాముల రేకు కొని, పూతలేని చవక మేకుతో బిగిస్తే అయిదో ఏట రేకు పక్క ఊరి చెరువులో ఉంటుంది. నాలుగు వైపులా వాలున్న కప్పు రెండు వాలుల కప్పుకంటే గాలికి బాగా ఆగుతుందని మన పాత పాకలు కట్టినవారికి తెలుసు. రేకుల కాలంలో ఆ రూపం పోయింది, కోత కూలీ ఎక్కువవుతుందని.

వేడి గురించి రెండు ముక్కలు. ఎండాకాలంలో రేకుకు సున్నం కొట్టడం మన దగ్గర వాడుకలోకి వచ్చింది. సిమెంటు రేకుకు, బండ మిద్దెకు, కాంక్రీటు కప్పుకు సున్నం భేషుగ్గా పనిచేస్తుంది. ఎండను తిప్పికొడుతుంది, చవక, ఏటా వేసుకోవచ్చు. జింకు, అల్యూమినియం పూతలకు మాత్రం సున్నం పడదు, పూతను కొరుకుతుంది. ఇనుప రేకుకు తెల్ల పెయింటే వేయాలి. చల్లదనానికి రేకు మీద గడ్డి, తాటాకు పరిచేవారు వానలకు ముందు తీసేయాలి. తడి గడ్డి కింద రేకు తుప్పు పట్టడం ఎవరికీ కనపడదు. తెలంగాణ ప్రభుత్వం 2023లో చల్లని కప్పుల విధానం తెచ్చింది. అది నగరాల భవనాల దగ్గరే ఆగిపోకుండా పశువుల కొట్టాల దాకా రావాలి. ఎండదెబ్బకు పాలు తగ్గేది పల్లెలోనే కదా.

ఇంటి బయటి గోడల గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. ఇంటిని కాపాడేది పెయింటు డబ్బా కాదు, చూరు. పాత ఇళ్ళకు రెండు మూడడుగుల చూరు ఉండేది, వాన గోడను తాకేది కాదు. ఇప్పుడు పట్నం నమూనా చూసి చూరు కోసేసి, తడిసిన గోడకు రెండేళ్ళకోసారి రంగు వేస్తున్నాం. చెమ్మ పోదు, రంగు పోతుంది. ఉప్పునేలల్లో పునాది మీద చెమ్మ ఎక్కకుండా కాంక్రీటు పట్టీ వేయకపోతే గోడ అడుగున పొరలు పొరలుగా ఊడుతూనే ఉంటుంది. రాయి దొరికే చోట నేల నుంచి మూడడుగుల వరకు రాతి గోడ కట్టి సందులు పూసుకుంటే చాలు, ఆ భాగానికి జన్మలో రంగు అక్కర్లేదు.

ఇదంతా రైతు తెలుసుకుంటే తీరిపోయే సమస్య అయితే ఇంతటితో ఆపేవాళ్ళం. ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీ నిధులతో కట్టించిన గోకులాలకు రెండు, నాలుగు, ఆరు పశువులకని నమూనాలు పెట్టి, 10 శాతం రైతు వాటా అన్నారు. సాయం మంచిదే, మేము కాదనడం లేదు. కానీ ఇచ్ఛాపురం ఉప్పుగాలికీ హిందూపురం పొడిగాలికీ ఒకే యూనిట్ ధర ఏమిటి? పూత ఎంతుండాలో, స్క్రూ ఏదో, దిమ్మె ఎంతెత్తో తేల్చకుండా బిల్లు పాస్ చేస్తే, కట్టిన ఏడాది ఫొటో బాగానే ఉంటుంది. ఆరో ఏట మరమ్మతు ఖర్చులో రైతు వాటా 10 శాతం కాదు, నూటికి నూరు.

2005 ఉపాధి హామీ చట్టం కూలీకి 60, సామగ్రికి 40 అని నిష్పత్తి పెట్టింది. కూలీ డబ్బు కాంట్రాక్టరు పాలు కాకూడదన్న ఆ ఉద్దేశాన్ని మేము గట్టిగా సమర్థిస్తాం. కానీ అందులో ఒక మెలిక ఉంది. నైపుణ్యమున్న పనివాడి కూలీని కూడా సామగ్రి 40లోనే లెక్కగడతారు. అంటే రాయి కొట్టే వడ్డెర పనివాడి చెమట కాగితం మీద సిమెంటుతో, ఇనుముతో సమానం. ఊళ్ళో దొరికే రాయితో, ఊళ్ళో ఉన్న చేతులతో కట్టే కొట్టం ఆ లెక్కలో 'సామగ్రి ఎక్కువైన పని'గా మారుతుంది. స్థానిక రాయితో చేసే పనుల్లోనైనా నైపుణ్య కూలీని కూలీగానే చూపించాలి.

మా కోరికలు పెద్దవి కావు. రెండు రాష్ట్రాల్లోనూ కొట్టాల అంచనాలను తీరం, డెల్టా, మెట్ట అని విడదీసి వేయాలి. తీరానికి అదనపు పూత ఖర్చును యూనిట్ ధరలోనే కలపాలి. ప్రభుత్వ డబ్బుతో కట్టే ఏ షెడ్డుకూ ఆస్‌బెస్టాస్ రేకు వాడకూడదు, దాని బదులు వాడే రేకుకయ్యే తేడాను పథకమే భరించాలి. రేకు అమ్మేవాడు మందం, పూత బిల్లు మీద రాయడం తప్పనిసరి చేయాలి. సొంత అవసరానికి చిన్న మొత్తంలో రాయి తెచ్చుకునే రైతును సీనరేజి పేరుతో దారిలో ఆపకూడదు.

ఇంకొకటి మిగిలింది. 2022–26 కాలానికి కేంద్రం ఖరారు చేసిన విపత్తు సాయం నిబంధనల్లో ఇంటికి ఆనుకుని ఉన్న పశువుల కొట్టం పడిపోతే ఇచ్చేది 3,000 రూపాయలు. ఆనుకుని ఉంటేనే. పొలంలో కట్టుకున్న కొట్టానికి అదీ లేదు. ఆ డబ్బుతో ఈ రోజున ఒక కొట్టానికి స్క్రూలు, కొప్పు రేకులు, రెండు రోజుల మేస్త్రీ కూలీ వచ్చినా గొప్పే. పొలంలోని కొట్టాన్ని కూడా చేర్చి, కట్టడానికయ్యే అసలు ఖర్చును బట్టి ఈ సాయం లెక్కగట్టాలని కోరుతూ మండల కమిటీలు తహసీల్దార్లకు వినతిపత్రాలు ఇవ్వాలి. ఇచ్చేటప్పుడు గత తుపానుల్లో మీ ఊళ్ళో పడిపోయిన కొట్టాల జాబితా, ఒక్కోటి కట్టడానికి అయిన ఖర్చు, అందిన సాయం, కప్పు ఏ రకమో రాసి జతచేయండి. ఒక ప్రతి సంఘం కార్యాలయానికి పంపండి.